మెట్ల గదిలో జనరేటర్

మేడ మీద, చేపల గది

తమ్ముడికి,

కొత్తగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. నేను నోరు తెరిచేలోపు "అది కాదక్కా" అంటావు. కాగితానికి ఆ బాధ లేదు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నిన్న నేను బజారులో అక్వేరియం షాపుకి చేపపిల్లలు ఇచ్చి వచ్చేసరికి, మెట్ల గదిలో నీ జనరేటర్ దర్జాగా కూర్చుని ఉంది. ఎవరో ఇద్దరు మోసుకొచ్చి దింపి వెళ్ళారట. నాన్న దాని పక్కనే కుర్చీ వేసుకుని, మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి, ఇంజను కనిపిస్తే ఇంటికి చుట్టమొచ్చినంత సంబరం. "చిన్నోడు పంపించాడే, చూశావా!" అన్నాడు. చూశాను. ఒళ్ళు మండిపోయింది.

పోయిన నెల నీకేం చెప్పాను? కరెంటు కోతలు ఎక్కువయ్యాయి, గాలి మోటార్లు ఆగితే చేపలు చచ్చిపోతాయి, జనరేటర్ వద్దు, బ్యాటరీ పెట్టె కొందామని చూస్తున్నాను అన్నాను. నువ్వు "సరే సరే" అన్నావు. ఆ సరేకి అర్థం ఇదా?

ఈ ఇల్లు నువ్వు చూసిందే కదా. పైన రేకుల కప్పు. బాల్కనీ లేదు, డాబా లేదు. మెట్ల గదికి ఉన్న ఒక్క కిటికీ రంగు పూసి పూసి బిగుసుకుపోయింది. కింద పెడదామంటే, ఖాళీ జాగా అంతా కింది వాటా టైలరమ్మ కిటికీ ముందే ఉంది. ఆవిడ పొద్దంతా ఆ కిటికీ దగ్గరే మిషను కుట్టుకుంటుంది. పెట్రోలు తాగి పొగ వదిలే దాన్ని నేనెక్కడ పెట్టుకోను, నా నెత్తిన పెట్టుకోనా? పైగా ఆ అదురుకి అద్దాల తొట్లు వణుకుతాయి. తొట్లు వణికితే చేపలు బెదిరి గుడ్లు తినేస్తాయి. ఇవన్నీ నువ్వు అడిగితే చెప్పేదాన్ని. నువ్వు నాన్నని అడిగావు. పని నాది, సలహా నాన్నది, నిర్ణయం నీది!

దాన్ని వెనక్కి తీసుకెళ్ళమని ఆ షాపువాళ్ళకి చెప్పు.

అక్క

సొరంగం పని, క్యాంపు షెడ్డు

అక్కకి,

నీ ఉత్తరం చదివాను. థాంక్సు చెప్పకపోతే మానె, దొంగని బోనెక్కించినట్టు రాశావు.

నా పని ఏమిటో నీకు గుర్తుందా? ఈ కొండ లోపల తవ్వేవాళ్ళకి వెలుతురు, గాలి, నీళ్ళు తోడే మోటార్లు అన్నీ నా జనరేటర్ల మీదే నడుస్తాయి. అది చూసుకోవడమే నా ఉద్యోగం. మిషన్ల గురించి నాకు తెలియదని నువ్వు అంటున్నావు! అలాంటి బ్యాటరీ పెట్టెని ఇక్కడ ఇంజినీరు ఒకాయన తెచ్చాడు. పేరు పవర్ స్టేషనట, ఉన్నది సూట్‌కేసంత. ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి బావుంది. దాని పని అయిపోయాక ఏం పోస్తావు అందులో? జనరేటర్ అయితే పెట్రోలు పోస్తే మళ్ళీ లేస్తుంది. నీ తొట్లలో నీళ్ళు వెచ్చబెట్టే హీటర్లన్నీ లెక్కేసే పెద్దది పంపాను.

పొగ, చప్పుడు అంటావు. కాసేపు ఓర్చుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా? నీ చేపల సరదాకి అడ్డు రాకూడదనే కదా నేను ఇంత తాపత్రయపడింది. నాన్న కూడా ఇదే మంచిదన్నాడు. ఇంట్లో పెద్దాయన మాటకి కూడా విలువ లేదా?

వెనక్కి తీసుకోరు. ఉంచుకో.

తమ్ముడు

మేడ మీద, చేపల గది

తమ్ముడికి,

సరదా.

ఆ మాట దగ్గర ఆగిపోయి మళ్ళీ చదివాను. నువ్వు నిజంగానే ఆ మాట రాశావు.

సరదాకి ఎవరైనా తెల్లవారకుండా లేచి తొట్ల అడుగున పాచి గీకుతారా? సరదాకి బకెట్లతో నీళ్ళు మోసి నడుం విరగ్గొట్టుకుంటారా? బట్టల షాపులో ఉద్యోగం పోయినప్పుడు అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. నేను మూల గదిలో రెండు తొట్లు పెట్టుకున్నాను. ఇప్పుడు గోడ పొడుగునా అరలు, అరల నిండా తొట్లు. ఊళ్ళో ఏ అక్వేరియం షాపుకి వెళ్ళినా ఏంజెల్ చేపపిల్లలు నా దగ్గరివే. నాన్న మందులు, ఇంటి అద్దె, గ్యాసు, అన్నీ దీంతోనే. నువ్వు పండక్కీ పబ్బానికీ ఏదో పంపి పెద్దకొడుకు ఫోజు కొడతావు, ఉన్నది ఒక్క కొడుకువే అయినా. నీది ఉద్యోగం, నాది సరదా!

నీ లెక్క కూడా తప్పే. హీటర్లు ఒక పూట లేకపోయినా తొట్లకి దుప్పట్లు చుట్టి గడిపేస్తాను. నీళ్ళు అంత తొందరగా చల్లారవు. ఆగకూడనివి గాలి మోటార్లు. అవి ఒక్కోటి లాగేది చిన్న బల్బు లాగేదాని కన్నా తక్కువ. వాటికి నీ రాక్షసి అక్కర్లేదు. బ్యాటరీ చాలు. ఇవాళే కొన్నాను కూడా. చప్పుడు లేదు, పొగ లేదు, మంచం పక్కన పెట్టుకున్నా నిద్ర చెడదు. ఒక కోత కాదు, రోజుకెన్ని కోతలొచ్చినా నడుస్తుంది.

నీ జనరేటర్ మీద పాత దుప్పటి కప్పాను. నీకు తీరికైనప్పుడు వచ్చి పట్టుకుపో.

అక్క

సొరంగం పని, క్యాంపు షెడ్డు

అక్కకి,

నేను ఫోజు కొడుతున్నానన్నమాట. మంచిది. ఇక నీకు ఏదైనా పంపే ముందు చెయ్యి నరుక్కుంటాను.

నువ్వు కొన్న బ్యాటరీ మీద ఏం రాసుందో నాన్న ఫోన్లో చదివి వినిపించాడు. పెద్దది రావడానికి ఆలస్యమవుతుందంటే, షాపులో ఉన్న చిన్నది ఎత్తుకొచ్చావట. నా మీద కోపంతో కొన్నావు తప్ప ఆలోచించి కొనలేదు. గాలివాన వచ్చి స్తంభాలు పడిన రోజున చూద్దాం నీ పెట్టె ఎంతసేపు ఊపిరి పీల్చుకుంటుందో.

నాన్నకి చెప్పాల్సింది చెప్పి ఉంచాను. నీకు చెప్పి లాభం లేదు.

తమ్ముడు

పెద్దాసుపత్రి, వరండా

తమ్ముడూ,

నాన్న ఇప్పుడు ప్రమాదం దాటాడని డాక్టరమ్మ అంది. ఆ మాట ముందు రాస్తున్నాను. మిగతాది తర్వాత చదువు. నీ ఫోన్లు నేను ఎత్తడం లేదు. ఎత్తితే ఏమంటానో నాకే భయంగా ఉంది.

నువ్వు కోరుకున్న గాలివాన వచ్చింది. మా వీధిలో స్తంభాలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. బ్యాటరీ ఆ రోజంతా మోటార్లు నడిపింది. మర్నాటి మధ్యాహ్నానికి చేతులెత్తేసింది. కరెంటు రాలేదు. చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. అలాంటప్పుడు మగ్గుతో నీళ్ళు తీసి పైనుంచి ధారగా పోస్తూ ఉండాలి. ఆ పడే నీళ్ళతో పాటు కాస్త గాలి దిగుతుంది. ఒక తొట్టి తర్వాత ఒకటి పోస్తూ పోయాను. భుజాలు పీక్కుపోయాయి. బజారులో అక్వేరియం షాపుకి కరెంటు ఉందని తెలిసింది. "నాన్నా, నేను వచ్చేదాకా కాస్త ఈ మగ్గు పట్టుకో" అని చెప్పి, బ్యాటరీని ఆటోలో వేసుకుని ఛార్జింగ్ పెట్టడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. టైలరమ్మ నాన్న తల ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. నాన్న మొహం ఎర్రగా కమిలినట్టుంది. పిలిస్తే పలకడు.

ఆవిడ చెప్పింది ఇదీ. పైన ఇంజను చప్పుడు మొదలైంది. తొట్లకి కరెంటు ఇస్తున్నారులే అనుకుంది. చాలాసేపటికి ఏదో అనుమానం వచ్చి కింది నుంచి కేకేసింది. జవాబు లేదు. పైకి వచ్చి చూస్తే మెట్ల గది తలుపు మూసి ఉంది. తోసింది. లోపల పొగ. జనరేటర్ పక్కనే కుర్చీలో నాన్న, తల వాలిపోయి. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండు చంకలూ పట్టుకుని ఈడ్చుకొచ్చిందట. ఆవిడెంత, నాన్నెంత! మోచేయి చీరుకుపోయింది ఆవిడకి. ఇప్పటిదాకా కట్టు కూడా కట్టించుకోలేదు.

కంటికి కనిపించే పొగ కన్నా కనిపించని విషవాయువే మనిషిని తీసేస్తుందట. వాసన ఉండదట. నిద్ర వచ్చినట్టు ఉంటుందట.

అన్నట్టు, చేపలన్నీ బతికాయి. నాన్న మెట్ల గది నుంచి తీగ లాగి, చేపల గది తలుపు గట్టిగా వేసి, మోటార్లన్నీ పెట్టాడు. నేను ఆసుపత్రికి పరిగెత్తేటప్పుడు కూడా బుడగలు వస్తూనే ఉన్నాయి. నీ జనరేటర్ బ్రహ్మాండంగా పనిచేసింది. సంతోషమా?

దుప్పటి కప్పి పెట్టిన దాన్ని ఎలా నడపాలో నాన్నకి ఎవరు నేర్పారు? గదిలో నడపమని ఎవరు చెప్పారు? నాన్న ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని ఉన్నాడు, అడగలేను. నువ్వు చెప్పు.

అక్క

సొరంగం పని, క్యాంపు షెడ్డు

అక్కా,

సెలవు అడిగాను. రెండో షిఫ్టు మనిషి లేడు, వారం దాకా కదలడానికి వీల్లేదన్నారు. ఇక్కడ నా పరిస్థితి ఎలా ఉందో రాయలేను.

ఫోన్ చేసింది నాన్నే. "చేపలు చచ్చిపోయేలా ఉన్నాయిరా, అది వస్తే ఏడుస్తుందిరా" అన్నాడు. ఎలా స్టార్ట్ చెయ్యాలో చెప్పాను. తలుపు తీసి ఉంచుకోమని కూడా చెప్పాను. ఆయన వినకపోతే నేనేం చెయ్యను, ఇంత దూరంలో?

నువ్వు నన్ను నిలదీస్తున్నావు. ఆ వయసు మనిషి చేతికి మగ్గు ఇచ్చి వెళ్ళింది ఎవరు? ఆలోచించకుండా చిన్న బ్యాటరీ కొన్నది ఎవరు? పెద్దది కొని ఉంటే ఇదంతా జరిగేదా? ముందే జనరేటర్‌ని బయట ఎక్కడో సరైన చోట పెట్టించి ఉంటే జరిగేదా? నువ్వు దాని మొహం చూడనని పంతం పట్టావు. మెట్ల గదిలో ఉంచింది నువ్వు. నేను కాదు.

నాన్న కళ్ళు తెరిస్తే ఒక్కసారి ఫోన్ ఇవ్వు.

తమ్ముడు

మేడ మీద, చేపల గది

నాన్నని ఇంటికి తీసుకొచ్చాం. తలనొప్పి ఉంది. మాటల కోసం తడుముకుంటున్నాడు. నిన్న గ్లాసుని చూపించి పేరు గుర్తు రాక, కోపం వచ్చి విసిరేశాడు. క్రమంగా సర్దుకుంటుందని డాక్టరమ్మ అంది. ఎంత క్రమంగా అని నేను అడగలేదు.

నీ ఉత్తరం చదివాక నాన్నని అడిగాను. "తలుపు తీసి పెట్టుకోమని చిన్నోడు చెప్పాడా నాన్నా?" గోడ వైపు తిరిగి, "చెప్పాడమ్మా. నేనే మర్చిపోయి వేసేశాను" అన్నాడు. నేను నమ్మాను. నమ్మి, నిన్ను అనవసరంగా అనుమానించానని సిగ్గుపడ్డాను కూడా. నీకు క్షమించమని రాయడానికి కాగితం తీశాను.

ఇంతలో టైలరమ్మ నాన్నకి చొక్కా గుండీలు కుట్టి తెచ్చింది. నేను ఇదంతా చెప్పుకుంటూ ఉంటే ఆవిడ చేతిలోని చొక్కా మడత పెట్టడం ఆపేసింది.

"ఏమీ అనుకోకపోతే ఒక మాట చెప్తాను. ఆ రోజు అయ్యగారు ఫోన్ మాట్లాడుతుంటే నేను మెట్ల మీదే ఉన్నాను. కొవ్వొత్తి ఇద్దామని వచ్చాను."

"అయితే?"

"ఆయనకి సరిగ్గా వినిపించదు కదా, స్పీకర్ పెట్టుకుంటారు. అంతా వినబడింది. అయ్యగారు అడిగారు, 'వాన జల్లు కొడుతోందిరా, తలుపు ఏం చెయ్యమంటావు' అని. మీ తమ్ముడు అన్నాడు, 'వేసెయ్ నాన్నా, మిషను తడిస్తే పాడవుతుంది, పది నిమిషాలేగా, ఏం కాదు.' నాకు ఈ సంగతులు తెలిసుంటే అప్పుడే అడ్డం పడేదాన్ని."

వేసెయ్ నాన్నా. మిషను తడిస్తే పాడవుతుంది.

నువ్వు సొరంగంలో పనిచేస్తావు! మనుషుల ఊపిరి కోసం కొండ లోపలికి గాలి పంపేవాడివి నువ్వు! తెలియనివాడు చెప్పి ఉంటే తెలియక చెప్పాడని ఏడ్చి ఊరుకునేదాన్ని. నీకు తెలుసు. తెలిసి కూడా, నాన్న ఊపిరి కంటే నువ్వు పంపిన ఇనప ముక్క తడవకుండా ఉండటం నీకు ముఖ్యమైంది. ఎందుకు? నీ మాట నెగ్గాలి. నా బ్యాటరీ ఓడిపోయిన రోజున నీ మిషను నడవాలి. అంతే కదా?

నడిచాక నాకు అబద్ధం రాశావు. తప్పు నీ నోటి నుంచి తీసి నాన్న నెత్తిన పెట్టావు. ఆ మనిషి దాన్ని మోశాడు చూడు. గ్లాసు పేరు గుర్తు రాని మనిషికి నిన్ను కాపాడే అబద్ధం మాత్రం తడబడకుండా వచ్చింది.

చిన్న బ్యాటరీ మాట ఎత్తావు. నిజమే. పెద్దది వచ్చేదాకా ఆగలేకపోయాను. నీకు ముఖం మీద కొట్టినట్టు జవాబు రాయాలని ఆ పూటే కొన్నాను. మగ్గు నాన్నకి ఇచ్చింది కూడా నేనే. వాటితో నేను రోజూ పడుకుంటున్నాను, లేస్తున్నాను. వాటిని నేను ఎవరికీ అంటగట్టలేదు.

రావద్దు. సారీ అని రాయొద్దు.

సొరంగం పని, క్యాంపు షెడ్డు

అక్కా,

చాలా రోజులైంది. ఈ ఉత్తరం ఎన్నోసార్లు మొదలుపెట్టి చించేశాను. నువ్వు వద్దన్న మాట రాయడం లేదు.

టైలరమ్మ చెప్పింది నిజం.

పోయిన వారం ఇక్కడ కొత్తగా చేరిన వెల్డరు ఒకడు పెట్రోలు ఇంజనున్న మిషన్ని సొరంగం లోపలికి తోసుకెళ్ళి స్టార్ట్ చేశాడు. నేను పరిగెత్తి దాన్ని ఆపి వాడి చొక్కా పట్టుకున్నాను. కొట్టేవాడినే. వాడు భయపడిపోయి, "పది నిమిషాలేగా సార్" అన్నాడు. నా చెయ్యి దానంతట అదే జారిపోయింది. బయటికి వచ్చి రాళ్ళ మీద కూర్చున్నాను. మా సూపర్‌వైజరు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. లేదన్నాను.

ఆ సాయంత్రమే నాన్నకి ఫోన్ చేశాను. "నా కోసం అబద్ధం చెప్పొద్దు నాన్నా, అక్కకి నిజం చెప్పు" అన్నాను. "ఏ అబద్ధంరా?" అన్నాడు. మళ్ళీ అదే. నేను అరిచాను. ఆయన ఫోన్ కిందపెట్టేశాడు గానీ కట్ చెయ్యలేదు. అలాగే విన్నాను. వెనకాల బుడబుడమని చప్పుడు. నేను ఇన్నేళ్ళుగా ఫోన్లో ఆ చప్పుడు వింటూనే ఉన్నాను అక్కా. నువ్వు కుళాయి కట్టెయ్యడం మర్చిపోయావేమో అనుకునేవాణ్ణి. అది నీ మోటార్లదని ఆ సాయంత్రం తట్టింది.

అందుకని అడుగుతున్నాను. నీ దగ్గర తొట్లు ఎన్ని ఉన్నాయి? ఏ మోటారు ఎంత కరెంటు లాగుతుంది? ఏ చేపలు ముందు ఇబ్బంది పడతాయి, ఏవి తట్టుకుంటాయి? ఎంతసేపు? కరెంటు రెండు మూడు రోజులు రాకపోతే ఏం చెయ్యాలని నీ ఆలోచన? నాకు తెలియదు. అడిగితే తెలిసేది, అడగలేదు. జవాబు రాయాలని లేకపోతే రాయకు.

నాన్న గ్లాసుని గ్లాసు అంటున్నాడా?

తమ్ముడు

మేడ మీద, చేపల గది

తమ్ముడికి,

అంటున్నాడు. చెంచాకి మాత్రం ఇంకా వెతుక్కుంటున్నాడు.

నీ మీద కోపం పోలేదు. పోయిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకోకు. పొద్దున లేస్తే మెట్ల గది ముందు నుంచే నడవాలి నేను. కానీ అడిగావు కాబట్టి చెప్తాను. పని గురించి అడిగినవాడికి చెప్పకుండా ఉండలేను.

తొట్లు ఇరవై ఆరు. మోటార్లు అన్నీ కలిపినా ఒక ఫ్యాను లాగేంత కూడా లాగవు. ముందు ఇబ్బంది పడేవి ఏంజెల్ తల్లులు, ఆ తర్వాత గోల్డ్ ఫిష్. గుంపు ఎక్కువ ఉన్న తొట్టి ఒక గంట కూడా ఆగదు. చిన్న గప్పీ చేపలు మొండివి, నీలాగా. మేత వేసిన వెంటనే కరెంటు పోతే అన్నిటికన్నా ప్రమాదం. అందుకే మబ్బు పట్టిన రోజు నేను మేత వెయ్యను.

నీ జనరేటర్ అమ్మేశాను. ఎవరినీ అడగలేదు. కొన్నవాడు ఊరి బయట ఇటుకల పని చేయించేవాడు, చుట్టూ మైదానమే. పొగ గురించి వాడికి చెప్పాను. మళ్ళీ మళ్ళీ చెప్పాను, వాడు విసుక్కునేదాకా. గోడల మధ్య పెట్టనని మాట తీసుకున్నాకే ఇచ్చాను.

పెద్ద బ్యాటరీ వచ్చింది. ఆగి, అన్నీ చూసుకుని, షాపులో నా మోటారు ఒకటి తగిలించి నడిపి చూసి కొన్నాను. పాత చిన్నదీ ఉంది కదా, ఒకటి ఇంట్లో నడుస్తుంటే రెండోది అక్వేరియం షాపులో ఛార్జింగ్‌లో ఉంటుంది. వాళ్ళకీ కరెంటు పోతే ఊరి అవతల ఇంకో షాపుతో మాట్లాడుకున్నాను. మూడు రోజుల దాకా ధైర్యం ఉంది. నాలుగో రోజుకి లేదు. ఉందని అబద్ధం చెప్పను.

నాన్న మొన్న చేపల గదిలోకి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు బుడగల్ని చూసి, "నేను ఆ తలుపు వెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు. తర్వాత ఆయనే, "వాడు చెప్పింది విన్నాను. వాడు చెప్తే వింటాను. నువ్వు చెప్తే ఎందుకు వినలేదో" అన్నాడు. నాతో కాదు, తొట్టితో అన్నట్టు. ఆ మాటకి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. కోపంతోనే.

వచ్చే నెల అరలు మార్చాలి. కిందివి తుప్పు పట్టాయి. తొట్లు ఖాళీ చేసి, దింపి, మళ్ళీ ఎక్కించాలి. నాకూ టైలరమ్మకీ అయ్యే పని కాదు. నాన్న బరువు ఎత్తకూడదు.

రావద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సెలవు దొరికితే రా. నేను చెప్పిన తొట్టి, చెప్పినట్టు, చెప్పిన చోట పెట్టాలి. "అది కాదక్కా" అన్నావంటే అప్పుడే బస్సెక్కిస్తాను.

నాకూ నాన్నకీ ఏమీ తేవద్దు. ఖాళీ చేతులతో రా.

అక్క